మీరెవలు?

చర్లపల్లిలో కిరాయిలకు రెండు లెక్కలుంటయి. ఒకటి టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే చెప్పేది. రెండోది ఇల్లు చూపెట్టినంక అడిగేది.

మొదటి లెక్క మాలాంటోళ్ళకు ఆశ పెట్టేదే. హైటెక్ సిటీ దిక్కు పోలిస్తే ఉప్పల్, నాచారం, చర్లపల్లి ఇంకా చిన్న జీతగాడు ధైర్యంగా బేరమాడగల జాగలే. ఫ్యాక్టరీలు, గ్యాస్ ప్లాంట్లు, జైలు, కంపెనీ కూలీల రేకుల రూములు. 2025 జనవరిలో కొత్త రైల్వే టెర్మినల్ తెరిచినంక ఓనర్ల మాట కొంత పెరిగింది, సరే. పైసల లెక్క పైసలతో తీరుతది. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటోన్ని నేను. సర్కారు టీచర్ని. 2021 పీఆర్సీ నుంచి నగరంలో మూలవేతనం మీద 24 శాతం ఇంటి అద్దె భత్యం ఉంది. జీతం సంగతి విని కాదన్న ఓనరు ఒక్కడు లేడు.

"సారు, ఏమనుకోకుండ్రి, మీరెవలు?" అన్నది ఓనరమ్మ.

టీచర్నమ్మా అన్న.

"అది కాదు సారూ..."

మాదిగోళ్ళమని చెప్పిన. మరునాడు ఫోనొచ్చింది. బిడ్డా అల్లుడూ వస్తున్నరట. నెల దాటినా గేటుకు అదే బోర్డు. అల్లుడు ఇంకా తొవ్వలోనే ఉన్నడేమో! ఇట్ల మూడిళ్ళు పోయినయి.

మా బడిలో ఒక సారున్నడు, మావోడే. "తమ్మీ, ఏదో బీసీలమని చెప్పు. సర్టిఫికెట్ ఎవడడుగుతడు?" అన్నడు. ఆయన అట్లనే తొమ్మిదేండ్లుగా ఒకే పోర్షన్‌లో ఉంటున్నడు. అంబేడ్కర్ పటం పడకగదిలో, బీరువా పక్కన.

పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పే ఆ సారు అబద్ధికుడా? కాదంట నేను. నిజం చెప్పమని అడగటానికి హక్కుండాలె. కిరాయి కడతవా, ఎంతమంది ఉంటరు, ఇల్లు పాడుచేస్తవా అని అడిగే హక్కు ఓనరుకుంది. కులం అడిగేది తెలుసుకోవటానికి కాదు, తలుపు వేయటానికి. అట్లాంటోడికి నిజం బాకీ లేము.

'నా ఇల్లు, నా ఇష్టం' అనేటోళ్ళున్నరు. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు దుకాణం, హోటల్, బావి, రోడ్డు పేర్లు చెప్పింది, కిరాయి ఇల్లు చెప్పలేదు. కానీ నడిబజార్ల బోర్డు కట్టి పిలిచినంక అది ఒట్టి ఇల్లెట్లయితది? దుకాణమే. 17వ అధికరణం అంటరానితనాన్ని ఏ రూపంలోనూ వద్దన్నది. కానీ కులం వల్లే ఇవ్వనని ఎవరంటరు? అల్లుని మీద కేసు పెడదామా?

అబద్ధం ఖర్చు మాత్రం ఆడినోడి మీదే పడతది. 1917లో బరోడాలో అంబేడ్కర్ పార్సీ పేరుతో పార్సీ సత్రంలో ఉన్నడు. రోజుకు రూపాయిన్నర. పదకొండో రోజు కర్రలు పట్టుకొని వచ్చిన్రు. కిరాయి బాకీ ఉండి కాదు. కొలంబియాలో చదివొచ్చిన మనిషాయన.

నేను సారు ఉపాయం తీసుకోలే. అది తప్పని కాదు. నా బిడ్డకు ఆరేండ్లు. అబద్ధం ఎందుకో అర్థంకాక ముందే ఆమె దాన్ని కంఠస్థం చెయ్యాలె. అవ్వ ఊరినుంచి వస్తే ఆమె మాటకు కాపలా కాయాలె. ఇప్పుడుంటున్న ఇల్లు బడికి దూరం, కిరాయి వెయ్యి ఎక్కువ. ఈ ఓనరు అడగలే.

సారు ఉంటున్న ఇల్లు అమ్మకానికి పెట్టిన్రట. మీ గల్లీల పోర్షన్ ఏదన్నా ఖాళీ ఉందా అని మొన్న అడిగిండు.