ఆగగలిగే ఇల్లు

చింతపండు మా ఇంట్లో ఏడాదికి ఒక్కసారే కొంటాం. శివరాత్రి దాటి కొత్త పంట బజారులోకి వచ్చాక, పిక్క తీసిన పండు తెచ్చి, ఒక పూట ఎండ చూపించి, రాళ్ళుప్పు కలిపి జాడీకి ఎత్తేస్తాను. మిరపకాయలు కూడా ఆ రోజుల్లోనే. కందిపప్పు సంక్రాంతి వెళ్ళాక, కొత్త కందులు మిల్లుకెక్కే వేళకి. ఇంటికొచ్చిన చుట్టాలు వంటింటి అటక చూసి "నీది పొదుపైన చెయ్యి" అని మెచ్చుకుంటారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ధరలు మండిపోయిన ఈ నాలుగేళ్ళలో ఆ మెచ్చుకోలు ఎవరికి చెందాలా అని చాలాసార్లు ఆలోచించాను. నా చేతికి కాదు. జాడీకి చెందాలి. జాడీ నింపే రోజున ఒకేసారి బయటికి తీయగలిగిన డబ్బుకి చెందాలి. అసలా జాడీ పెట్టుకోవడానికి అటకంటూ ఉన్నందుకు చెందాలి.

2023 జులైలో టమాటా కిలో 150 దాటినప్పుడు మా వీధిలో అందరి నోటా అదే మాట. నాకు పెద్ద ఇబ్బందేమీ కాలేదు. కూరకి కావలసింది టమాటా కాదు, పులుపు. మా అమ్మ వంట చూసి పెరిగినదాన్ని కాబట్టి ఆ సంగతి నాకు చేతికే తెలుసు. చారుకి చింతపండు రసం, పప్పులోకి చుక్కకూర, వంకాయలోకి వేసవిలో ఎండబెట్టిన మామిడి ఒరుగులు, కుర్మాలోకి కాస్త పుల్లబడిన పెరుగు. బంగాళాదుంప వేపుడుకైతే టమాటాతో పనే లేదు. ఒరుగులు వేసే ముందు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోయకుండా కూరలోనే పోయాలి. ఉప్పు మాత్రం చివర్లో చూసి వేయాలి, ఒరుగులోనే సగం ఉప్పు ఉంటుంది. నెలన్నర అలా గడిచిపోయింది. పిల్లలు పిజ్జా రుచి వేరే ఎక్కడో చూసుకున్నారు, అది వేరే సంగతి.

ఇదంతా వంటింటి తెలివి అనుకోవచ్చు. కానీ ఆ పులుపుల జాబితా మళ్ళీ చూస్తే చుక్కకూర, పెరుగు తప్ప తక్కినవన్నీ ధర పెరగకముందే ఇంట్లోకి వచ్చి కూర్చున్నవి. టమాటా 150 అయిన రోజున నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదు, కొనకుండా ఆగడం తప్ప. ఆగడానికి ఇంట్లో ఆసరా ఉంది.

ఆ జులై నెలాఖరుకి మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో 200 దరిదాపులకి వెళ్ళింది. సెప్టెంబరు వచ్చేసరికి పత్తికొండ వైపు నాలుగైదు రూపాయలు కూడా పలకక, కోత కూలి, బండి బాడుగ గిట్టక రైతులు పండు రోడ్డు పక్కన పారబోశారు. జులైలో 200కి అమ్మిన రైతూ, సెప్టెంబరులో పారబోసిన రైతూ ఒకరే కానక్కరలేదు. ఎవరి తోట ఏ వారంలో కాపుకొచ్చిందన్నదే వాళ్ళ జాతకం. పండు ఎర్రబడ్డాక రైతు ఆగలేడు. రేపు ధర వస్తుందని తెలిసినా ఈ రోజే కోయాలి, ఈ రోజే అమ్మాలి. ఆ వార్త చదివినప్పుడు నాకు మా ఇంట్లో పనిచేసే ఆవిడ గుర్తొచ్చింది. ఆవిడా అంతే, ఈ రోజు వండేది ఈ రోజే కొంటుంది. అమ్మకానికి ఆగలేనివాడు ఈ కొసన, కొనడానికి ఆగలేనామె ఆ కొసన. ఆగగలిగిన వాళ్ళంతా మధ్యలో ఉన్నాం: గోదాములవాళ్ళు, శీతల గిడ్డంగులవాళ్ళు, మిల్లులవాళ్ళు, చిన్న ఎత్తున నాలాంటి జాడీలవాళ్ళు.

ఆవిడ నూనె పావులీటరు ప్యాకెట్లు కొంటుంది. లెక్కగడితే లీటరుకి నాకంటే ఎక్కువే పడుతుంది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, నెలకి సరిపడా ఒక్కసారే తెచ్చుకోరాదా అని. అంట్లు తోముతున్నదల్లా ఆగి నవ్వింది.

"ఒక్కపారి తెస్తే అగ్గువ పడ్తదని నాకెర్క లేదా అమ్మా? నాలుగిండ్లల్ల చేస్త, ఒక్కొక్కరు ఒక్కో తారీఖున ఇస్తరు. మా ఆయనకి అడ్డా మీద పని దొర్కిన నాడే పైసలు. నెల పైసలన్ని ఒక్కనాడు చేతుల ఎన్నడుంటయి?"

నాకు సబబుగానే తోచింది. ఆ తర్వాత ఆవిడ అన్న మాట మాత్రం నేను ఊహించనిది. "అదొక్కటే కాదు. డబ్బ నిండుగ కనిపిస్తే చెయ్యి ఆగదు. ప్యాకెట్ చిన్నగుంటే వంట గూడ చిన్నగనే ఉంటది."

పేదవాళ్ళు చిన్న ప్యాకెట్లు కొని నష్టపోతారని పత్రికల్లో రాసే పండితులు ఈ రెండో మాట దాకా రారు. ఆవిడకి ఆ పావులీటరు ప్యాకెట్టే బడ్జెట్. నేను నోటు పుస్తకంలో గీతలు గీసి, నెల మధ్యలో కూడికలు చూసుకుని పెట్టుకునే అదుపుని ఆవిడ ప్యాకెట్ సైజులోనే పెట్టుకుంది. ఆ అదుపుకి లీటరుకి కొన్ని రూపాయలు ఎదురు చెల్లిస్తోంది. నేను నాలుగు కిలోల చింతపండు నింపి పొదుపు అంటున్నాను. ఆవిడ నింపకపోవడాన్ని పొదుపు అంటోంది. ఇద్దరిలో ఎవరి పొదుపు గట్టిదో చెప్పమంటే నేను ఆవిడ వైపే మొగ్గుతాను, ఎందుకంటే ఆవిడది రోజూ చేయాల్సిన పని. నాది ఏడాదికొకసారి.

నూనె గురించి ఇంకొకటి. 2024 సెప్టెంబరు 14న కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద దిగుమతి సుంకాన్ని అన్నీ కలిపి 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. మన నూనెగింజల రైతుకి ధర రావాలన్న ఉద్దేశం, తప్పుపట్టేదేమీ కాదు. పాత సుంకంతో దిగిన నిల్వలు 45 నుంచి 50 రోజులకి సరిపోతాయి, అప్పటిదాకా ధర పెంచవద్దని కంపెనీలకి చెప్పింది కూడా. అయినా దసరా పిండివంటల నాటికే కొట్లో ధర ఎక్కేసింది. పాత సరుకు కొత్త ధరకి అమ్ముడుపోతే ఆ తేడా ఎవరి జేబులోకి వెళుతుందో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. సరుకు దగ్గర పెట్టుకుని ఆగినవాడి జేబులోకి.

ప్యాకెట్ మీద అక్షరాలు కూడా ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని చదవాల్సి వస్తోంది. లీటరు నూనె అంటే సుమారు 910 గ్రాములు. పక్కనే అదే ఎత్తు, అదే బొమ్మ ఉన్న ప్యాకెట్ తీసి చూస్తే 850 గ్రాములు, 800 గ్రాములు. ధర తక్కువ కదా అని తీసుకుంటే తూకమూ తక్కువే.

బియ్యం సంగతి మరీ విడ్డూరం. 2022 జులై 18 నుంచి ముందే తూచి, పేరు ముద్రించి అమ్మే 25 కిలోల వరకు ఉండే బస్తాలకి 5 శాతం జీఎస్టీ పడింది. ఆ వెంటనే మన మిల్లుల నుంచి 26 కిలోల బస్తాలు దిగాయి. నేను 26 కిలోలది కొంటాను, పన్ను లేదు. 5 కిలోల ప్యాకెట్ కొనేవాళ్ళు పన్ను కడతారు. కిరాణా కొట్టులో విప్పిన బస్తా నుంచి విడిగా తూయించుకుంటే పన్ను ఉండదు నిజమే, అక్కడ కొట్టువాడి లాభం ఉంటుంది. ఏ దారిన పోయినా చిన్న ఎత్తున కొనేవాడి దగ్గర ఎవరో ఒకరు ఓ రూపాయి తీసుకుంటూనే ఉంటారు.

ఆ రూపాయి ఏ ఇంటికి ఎక్కువ బరువో చాలా కాలం కిందటే తేలింది. 1857లో ఎర్న్‌స్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త (మార్క్స్ స్నేహితుడు ఎంగెల్స్ కాదు, ఈయన వేరు) కుటుంబాల పద్దులు ముందేసుకుని ఒక సంగతి తేల్చాడు: ఆదాయం తక్కువున్న ఇంటి ఖర్చులో తిండి వాటా ఎక్కువ. మన దేశంలో 2023-24 గృహ వినియోగ సర్వే ప్రకారం పల్లెల్లో నెల ఖర్చులో దాదాపు 47 శాతం, పట్నాల్లో దాదాపు 40 శాతం తిండికే పోతోంది. అది అందరినీ కలిపి తీసిన సగటు. మా ఇంట్లో ఆ వాటా అంతకన్నా తక్కువ, పనావిడ ఇంట్లో అంతకన్నా ఎక్కువ. 2024 అక్టోబరులో ఆహార ద్రవ్యోల్బణం 10.87 శాతమని పేపర్లో వచ్చినప్పుడు నేను ఆ నెల ఒక సినిమా మానుకున్నాను. ఆవిడ దగ్గర మానుకోవడానికి సినిమా లేదు, పిల్లల గుడ్లున్నాయి. ఏడాది తిరిగేసరికి అదే రేటు సున్నా కంటే 5 శాతం కిందికి దిగింది. పేపర్లు సంబరంగా రాశాయి. కూరగాయలు దిగాయి, నిజమే, నూనె దిగలేదు. ధరలు మండిన రోజుల్లో చేసిన చేబదుళ్ళు ఏ సూచీతోనూ దిగవు.

ఇళ్ళ మధ్యే కాదు, ఇంటి లోపల కూడా ఈ లెక్క ఇలాగే నడుస్తుంది. 2015లో కందిపప్పు కిలో 200 తాకినప్పుడు మా అమ్మకి ఉన్నట్టుండి కందిపప్పు పడటం మానేసింది. "గ్యాస్ అమ్మా, పెసరపప్పు అయితే తేలిక" అంది. మాకందరికీ ముద్దపప్పు, తనకి మజ్జిగ, గోంగూర పచ్చడి. మరుసటేడు ధర దిగాక గ్యాసూ దిగింది! ఆ తర్వాత నేను గమనించినదేమంటే, మన ఇళ్ళలో ఆడవాళ్ళ అరుగుదల బజారు ధరలతో పాటే మారుతుంటుంది. పప్పు పలచబడితే అందరికీ ఒకేలా పలచబడదు. ముందు తినేవాళ్ళకి గరిటెలో బద్ద పడుతుంది, ఆఖరున తినేవాళ్ళకి కట్టు మిగులుతుంది. గిన్నె దగ్గర కూడా ఆగేది ఒకరే, కాకపోతే ఆ ఆగడానికి లాభమేమీ రాదు. ధర పెరిగిన నెలల్లో నేనిప్పుడు కందిపప్పు సగం, పెసరపప్పు సగం కలిపి, సొరకాయో తోటకూరో వేసి చిక్కగా వండుతాను. కరువో కాటకమో అందరూ ఒకే గిన్నెలోది తినాలి, ఎవరికీ విడిగా గ్యాస్ రాకూడదు.

ఆగే స్తోమత మరీ ఎక్కువైతే ఏమవుతుందో కూడా చూశాం. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించగానే అమెరికాలో మనవాళ్ళు సోనా మసూరి కోసం దుకాణాల ముందు వరస కట్టారు. ఇంటికి ఇన్ని బస్తాలే అని బోర్డులు పెట్టాల్సి వచ్చింది. డాలస్‌లో మా మేనకోడలు గరాజ్ నిండా బస్తాలు పేర్చింది. 2024 సెప్టెంబరులో నిషేధం ఎత్తేసే నాటికి చివరి బస్తాల్లో పురుగు చేరిందట. వాళ్ళ భయాన్ని నేను వెక్కిరించను, అన్నం దొరకదన్న భయం మన రక్తంలో ఉంది. కాకపోతే అక్కడ గరాజ్ నిండిన కొద్దీ, వెనక వరసలో నిలబడ్డ చదువుకునే కుర్రాళ్ళకి బియ్యం అందకుండా పోయింది.

ఆగలేని ఇంటి తరఫున వేరెవరైనా ఆగితే ఎలా ఉంటుందో మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చినప్పుడు దాన్ని ఓట్ల పథకమన్నారు. ఓట్లు పడ్డాయి కూడా. వంటింట్లోంచి చూస్తే అది సర్కారు గోదాము పేదింటి గాదెగా మారడం. ఆ ఇంటికి నెల బియ్యం ధర నెల పొడవునా ఒకటే. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అంతకుముందు దొడ్డు బియ్యం చాలామంది అమ్ముకునేవారు. "ఇప్పుడు అమ్ముడు లేదమ్మా, మేమే తింటున్నం" అంది మా పనావిడ. బియ్యం మీద మిగిలిన డబ్బు గుడ్ల మీదికి, నూనె మీదికి వెళ్ళింది.

ఆ మిగులుతోనే ఇప్పుడు వాళ్ళ బస్తీలో ఒక ప్రయత్నం నడుస్తోంది. పొదుపు సంఘంలో పరిచయమైన ఐదుగురు ఆడవాళ్ళు కలిసి బేగంబజారు నుంచి 15 లీటర్ల నూనె డబ్బా తెచ్చుకుందామని అనుకుంటున్నారు. మనిషికి మూడు లీటర్లు. అయితే ఒక్కసారే పంచుకుంటే చెయ్యి ఆగదన్న భయం అందరిదీ. అందుకని డబ్బా ఒకరింట్లో పెట్టి, ఎవరికి కావాల్సినప్పుడు వాళ్ళు పావులీటరు కొలిపించుకుని పుస్తకంలో రాయించుకోవాలట. "అంటే మీరే కొట్టు పెడుతున్నారన్నమాట" అన్నాను. "కిరాయి లేని కొట్టు" అంది. పండగ నెలలో ఎవరైనా తన వంతు దాటి తీసుకుంటే ఏం చేయాలన్నది తేల్చుకున్నారు, వచ్చే నెల వంతులో కోస్తారు. కొలపాత్ర కూడా కుదిరింది. డబ్బా ఎవరింట్లో ఉండాలన్న దగ్గరే ఇంకా తెగలేదు. అందరివీ ఒంటి గది ఇళ్ళే. పొయ్యి పక్కన పెట్టకూడదు, మంచం కింద నీళ్ళ బిందెలున్నాయి. వచ్చే ఆదివారం ఒక్కొక్కరి గదీ చూసి, జాగా ఎవరికుంటే వాళ్ళ దగ్గర పెడతారట.