ముఖ్యద్రవ్యం, ప్రతినిధి ద్రవ్యం: అమెరికా పెరట్లో తెలుగు పండుగ

పూజకు విధించిన వస్తువు దొరకనప్పుడు మరొక వస్తువుతో ఆ పూజ చేయవచ్చునా, చేస్తే అది పూర్ణమైనట్టేనా, లేక ఏదో అయిందనిపించుకోవడమేనా అన్న ప్రశ్న అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ప్రతి పండుగ నాడూ ఎదురయ్యేదే. 1965 నాటి వలస చట్టం తరువాత అక్కడికి చేరిన తొలితరం వారికి 1976లో పిట్స్‌బర్గ్ దగ్గరి పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరుని ప్రతిష్ఠ జరిగేవరకు ఇంటి గూడే గుడి కావలసి వచ్చింది గనుక, ఏది ఉంటే పూజ, ఏది లేకపోయినా పూజే అన్న విచారణ వారికి పుస్తకాలలోని విషయం కాక నిత్యావసరమైంది. తక్కువ ఖర్చుతో, ఇంట్లో ఉన్నవాటితో, పెరట్లో పండినవాటితో పండుగ చేసుకోవడమన్నది పైకి గృహిణీ నైపుణ్యంగానో పొదుపుగానో కనిపించినా, దాని అడుగున ఉన్నది ఈ ధర్మప్రశ్నే. దీనికి సమాధానం వెతకడానికి కొత్త శాస్త్రం అక్కరలేదు. సుమారు రెండువేల ఏళ్ల నాడే యజ్ఞకర్మ విషయంలో మీమాంసకులు దీన్ని ఎంతో నిశితంగా చర్చించి ఉన్నారు.

జైమిని మీమాంసా సూత్రాలలో ఆరవ అధ్యాయం మూడవ పాదం ఈ చర్చకు ప్రధాన స్థానం. శాస్త్రం నేరుగా పేర్కొన్న వస్తువును ముఖ్యద్రవ్యమని, అది లభించనప్పుడు దాని స్థానంలో వాడే వస్తువును ప్రతినిధి అని అంటారు. ముఖ్యద్రవ్యం లభించకపోవడాన్నో పాడైపోవడాన్నో మీమాంసకులు ‘అపచారం’ అంటారు. ఈనాటి తెలుగులో ఆ మాటకు తప్పు చేయడమన్న అర్థమే మిగిలింది గాని, ఇక్కడ తప్పు ప్రసక్తి లేదు, లేకపోవడమొక్కటే ఉంది. వ్రీహులు, అంటే వరి ధాన్యం, లేనప్పుడు నీవారాలు, అంటే ఎవరూ విత్తకుండా మొలిచే నివ్వరి ధాన్యం, తీసుకోవచ్చునని వారు ఒప్పుకున్నారు; కారణమేమంటే వరిలోని అవయవాలే చాలావరకు నివ్వరిలోనూ ఉన్నాయి. కనుక నివ్వరిని నివ్వరిగా కాక, దొరికినంత మేరకు వరిగానే గ్రహిస్తున్నారన్నమాట. అందువల్లనే ప్రతినిధిని వాడినప్పుడు మంత్రంలో వరి పేరును తీసి నివ్వరి పేరు పెట్టనక్కరలేదని కూడా నిర్ణయించారు. అయితే ఈ వెసులుబాటుకు గట్టి హద్దులు ఉన్నాయి: ద్రవ్యానికి ప్రతినిధి ఉంటుంది గాని దేవతకు, మంత్రానికి, క్రియకు ఉండదు, కర్మఫలానికి స్వామి అయిన యజమానికీ ఉండదు, శాస్త్రం నిషేధించిన వస్తువు, ఎంత పోలిక ఉన్నా, ప్రతినిధిగా పనికిరాదు.

ఈ కొలబద్దను చేతపట్టుకుని వినాయక చవితి నాటి ఏకవింశతి పత్రపూజను, అనగా 21 రకాల ఆకులతో చేసే అర్చనను, అమెరికా నేల మీద పరిశీలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. దొరకదనుకున్న దానిలో కొంత అసలు ప్రతినిధే అవసరంలేనిది. టెక్సస్, జార్జియా వంటి దక్షిణాది రాష్ట్రాలలో ఇంటి ముందు పచ్చికగా పెరిగే మామూలు బెర్ముడా గడ్డి గరికకు పోలిక కాదు, గరికే. వృక్షశాస్త్రం రెండింటినీ సైనొడాన్ డాక్టిలాన్ అన్న ఒకే పేరుతో పిలుస్తుంది. కలుపు మందు చల్లని మూల నుంచి రెండేసి పోచలుగా కోసుకుంటే దూర్వాయుగ్మానికి లోటు లేదు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రోడ్ల పక్కన, రైలు కట్టల వెంట ఎవరికీ పట్టని కలుపుగా నడుమెత్తు పెరిగే మగ్‌వర్ట్ మాచిపత్రి జాతిదే: ఆకు తిరగేస్తే అడుగున వెండిరంగు నూగు, వేళ్ల మధ్య నలిపితే ఘాటైన వాసన. కిరాణా దుకాణాల్లో మార్జొరం పేరుతో అమ్మే మొక్క మరువమే. కాలిఫోర్నియా రహదారుల నడుమ బారులు తీరిన పొద గన్నేరే. విషపు మొక్క గనుక పూజ తరువాత పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందకుండా తీసివేయవలసి ఉంటుందన్నది అక్కడా ఇక్కడా ఒకే జాగ్రత్త.

ఇక నిజమైన ప్రతినిధులు ఆ తరువాతి వరుసలోనివి. టెక్సస్ తోటల్లో ఊదారంగు పూల కోసం పెంచే వైటెక్స్ చెట్టు వావిలికి దాయాది. చేతివేళ్లలా విచ్చుకున్న ఆకును చూసినవారికి ఆ బంధుత్వం ఎవరూ చెప్పనక్కరలేదు. మోనార్క్ సీతాకోకచిలుకల కోసం అమెరికన్లు పెరట్లో నాటుకునే మిల్క్‌వీడ్ జిల్లేడు కుటుంబానిది. వెడల్పైన మందపు ఆకు, తుంచితే ఉబికే తెల్లని పాలు రెండింటికీ ఒకటే. వరి లేనిచోట నివ్వరిని తీసుకోమన్న శాస్త్రానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకడం కష్టం. పోలిక దొరకని ఆకులకు గృహపూజా సంప్రదాయం తానే ఒక మార్గం చూపింది: ఆభరణం లేకపోతే ఆభరణానికి బదులు, వస్త్రం లేకపోతే వస్త్రానికి బదులు అక్షతలు సమర్పించడం తెలుగు ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలిసిన పద్ధతే. పళ్లెంలో మిల్క్‌వీడ్ ఆకు ఉన్నా నోట అర్కపత్రమనే, అంటే జిల్లేడాకనే, అంటారు. అది అబద్ధం కాదని, ప్రతినిధి విషయంలో మంత్రం మారదన్న మీమాంసా నిర్ణయం నిరూపిస్తున్నది.

పోలిక అంటే ఏమిటన్నదే ఇక్కడి కీలకం. పేరులో పోలిక పోలిక కాదు. కార్తిక శుద్ధ ద్వాదశి నాడు, అంటే క్షీరాబ్ధి ద్వాదశి నాడు, తులసి పక్కన ఉసిరి కొమ్మ నాటే ఆచారం ఉంది. ఇంగ్లీషులో ఉసిరికాయను ఇండియన్ గూస్‌బెర్రీ అంటారు గదా అని అమెరికా నర్సరీలోని గూస్‌బెర్రీ ముళ్లపొదను తెచ్చి నాటితే, రెండింటికీ పేరు తప్ప మరే చుట్టరికమూ లేదు గనుక, అది ప్రతినిధి కాజాలదు. ఇండియన్ దుకాణంలో గడ్డకట్టించి అమ్మే ఉసిరికాయను కరిగించి దాని మీద వత్తి వెలిగించడం ఎంతో మేలు. నిషేధం కూడా ఇలాగే గమనించవలసిన హద్దు. కరివేపాకు, మారేడు రెండూ నిమ్మ కుటుంబపు మొక్కలు. నిమ్మ, నారింజ తోటలను ఎండబెట్టే సిట్రస్ గ్రీనింగ్ తెగులును ఒక చిన్న పురుగు మోస్తుంది, ఆ పురుగుకు ఈ మొక్కలు ఆశ్రయమిస్తాయి. ఆ తెగులు ఫ్లోరిడాలో 2005లోను, కాలిఫోర్నియాలో 2012లోను బయటపడింది. అందువల్ల ఈ మొక్కలను, పచ్చి ఆకులను ఆంక్షలున్న ప్రాంతాల నుంచి తరలించడంపై వ్యవసాయశాఖ కట్టుబాట్లు ఉన్నాయి. సంచిలో దాచి తెచ్చిన మారేడు దళం శివునికి ప్రీతికరమని వాదించేవారు, ఒక రైతు తోటను పణంగా పెట్టి చేసిన అర్చన ఎటువంటిదో ఆలోచించవలసి ఉంటుంది.

ఇంతవరకు చెప్పినది అలభ్యత గురించి. ఖర్చు తగ్గించుకోవడం వేరే ప్రశ్న, దానిని దీనితో కలపరాదు. ప్రతినిధికి హేతువు వస్తువు దొరకకపోవడమే గాని చౌకగా రావడం కాదు. నిత్యకర్మ, అంటే తప్పక చేయవలసిన కర్మ, శక్తి ఉన్నంత మేరకు చేసినా చెల్లుతుందని, కామ్యకర్మ, అంటే ఒక ఫలాన్ని కోరి పూనుకున్నది, అన్ని అంగాలతోనూ చేయాలని మీమాంసకులు తేల్చారు. ఈ యథాశక్తి అన్న మాట అశక్తునికి ఇచ్చిన ఊరటే గాని ఇష్టం లేనివానికి ఇచ్చిన సాకు కాదు. ఉన్న ధనాన్ని లేనట్టు చూపి వ్రతాన్ని కుదించడాన్ని పురాణాలు విత్తశాఠ్యమన్నాయి, శాఠ్యమంటే వంచన. మంచి జీతం, సొంత ఇల్లు ఉన్న కుటుంబం పూజను మాత్రమే పొదుపుకు గురిచేసి, అదే సాయంత్రం విందుకు ఆ పొదుపును మరచిపోతే ఆ మాట వారికి తగులుతుంది.

అలాగైతే ఇంట్లో చేసుకునే చౌక పండుగకు శాస్త్రంలో చోటు లేదా అంటే, ఉంది, అదీ వెనుక వరుసలో కాదు. వినాయక వ్రతకల్పం ప్రతిమను శక్తికొలది బంగారంతోనో వెండితోనో మట్టితోనో చేసుకొమ్మంటుంది. శాస్త్రమే రెండు మూడు వస్తువులను సమానంగా పేర్కొని, ఏదైనా ఒకటి తీసుకొమ్మనడం వికల్పం. అది ప్రతినిధి కంటె వేరు. మట్టి వికల్పంలో ఒకటి గనుక స్వయంగా ముఖ్యద్రవ్యమే. దాని పక్కన పెట్టి చూస్తే, రంగులద్ది మెరుపు చల్లిన ప్లాస్టర్ బొమ్మకు వ్రతకల్పంలో చోటు లేదు. మట్టి దొరకనిచోట దాన్ని ఎవరైనా సమర్థించుకుంటే సమర్థించుకోవచ్చు, అప్పుడు కూడా అది ప్రతినిధి మాత్రమే. అంగడిది అసలు, ఇంటిది నకలు అన్న లోకపు భావన ఇక్కడ పూర్తిగా తలకిందులవుతుంది. గడ్డి, ఆకు, మట్టి, నీరు, పసుపు, పత్తి: విధించినవాటిలో అధికభాగం మొదటినుంచీ వెలలేనివే.

డాలస్, ప్లేనో, ఫ్రిస్కో నగరాలు బ్లాక్‌ల్యాండ్ ప్రెయరీ అనే నల్లనేల మీద వెలిశాయి. నేలల శాస్త్రం ఆ మట్టినీ దక్కన్ నల్లరేగడినీ వెర్టిసాల్ అన్న ఒకే తరగతిలో చేరుస్తుంది. వానకు ఉబ్బి, ఎండకు చెయ్యి పట్టేంత వెడల్పుగా బీటలువారే గుణం రెండింటిదీ. ఆ బీటలకు పునాదులు కదలకుండా ఇంటి చుట్టూ గొట్టాలతో నీళ్లు పెట్టుకునే అక్కడివారికి ఆ మట్టి ఒక బెడద. దానినే జానెడు లోతున తవ్వి, ఎండబెట్టి, దంచి, జల్లించి, ఇసుకను, నానబెట్టి చిదిమిన కాగితపు గుజ్జును కలిపి పూరీపిండి కంటె కాస్త గట్టిగా మర్దిస్తే వినాయకుడికి సిద్ధమవుతుంది. బొజ్జ, కాళ్లు, తల ఒదిగినంత తేలికగా తొండం ఒదగదు; అతికే చోట రెండు వైపులా గీతలు గీసి పలుచటి మట్టి పూయకపోతే తెల్లవారేసరికి వంపు దగ్గర వెంట్రుకలాంటి పగులు కనిపిస్తుంది. తడివేలితో దానిని పూడ్చి, తడిగుడ్డ కప్పి, నీడలో రెండు మూడు రోజులు ఆరనిచ్చి, కళ్ల చోట రెండు మిరియాలు గుచ్చుతారు. మందుల షాపులో దొరికే దూదిని సన్నని పట్టీగా సాగదీసి, అంగుళానికొకచోట కుంకుమ తడిపిన వేళ్లతో నొక్కితే అది వస్త్రమవుతుంది. ఉద్వాసన చెప్పిన తరువాత ఒక తొట్టెలో నిమజ్జనం చేసి, కరిగిన మట్టిని బంతిమొక్కల మొదళ్లలో పోస్తే, ఏ పెరటి మట్టి ఆ పెరటికే చేరుతుంది. ఆవాహనకు ముందు మట్టి, ఉద్వాసన తరువాత మట్టి అన్న తత్త్వాన్ని పిల్లలకు వివరించవలసిన పని ఆ ఇంట్లో ఉండదు.

కొనడం దోషమని దీని అర్థం కాదు. సోమయాగంలో సోమలతను కొనడమే ఒక విధి. ఆవును వెలగా ఇచ్చి, బేరమాడి మరీ కొంటారు. ఋత్విజులను దక్షిణ ఇచ్చి నియమించుకోవడమూ విధే. కాని ద్రవ్యత్యాగాన్ని, అంటే ఇది నాది కాదు, ఈ దేవతది అన్న సంకల్పంతో వస్తువును వదలడాన్ని, యజమాని తానే చేయాలని, దాన్ని వేరొకరి చేతికి అప్పగించరాదని శాస్త్రం నిర్ణయించింది. అద్దెకు తెచ్చిన వేదిక, పనివారు కట్టిన తెర, ప్లాస్టిక్ పూల తోరణం ఈ త్యాగాన్ని చెరపవు. కాని వదలడానికి ముందు ఒక వస్తువు తనది కావాలి గదా. నెల రోజులు నీళ్లు పోసి పెంచిన బంతిపూవును తెంపి పాదాల వద్ద ఉంచినప్పుడు వదులుతున్నదేమిటో చేతికి తెలిసినంతగా, తిరిగి పంపవలసిన తెరను చూస్తే తెలియదు. చేతిపనికి ధర్మంలో ఉన్న విలువ ఇదేనని చెప్పడం సమంజసం.

బొమ్మల కొలువు విషయంలో చెప్పవలసింది స్వల్పం: ఇల్లు మారినప్పటి అట్టపెట్టెలను బేసి సంఖ్యలో మెట్లుగా పేర్చి పైన చీర పరిస్తే ఏ లోటూ ఉండదు. ముగ్గు విషయంలో మాత్రం కాస్త ఆగవలసి ఉంది. ఇంటి ముందరి కాంక్రీటు మీద పిల్లల సుద్దముక్కలతో వేసిన ముగ్గులో గీత నిలుస్తుంది గాని, చీమకు ఆహారం పెట్టే బియ్యప్పిండి గుణం పోతుంది. పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం, అంటే తోటి ప్రాణులకు అన్నం పెట్టడం, ఒకటని ఎరిగినవారు ముగ్గు నడుమనైనా చిటికెడు పిండి చల్లుతారు.

మీమాంసకులు ఇంకొక ప్రశ్న కూడా లేవనెత్తారు: ప్రతినిధి కూడా లేకుండా పోతే రెండవసారి దేనికి పోలిక వెతకాలి, పోయిన ప్రతినిధికా, మొదటి ముఖ్యద్రవ్యానికా? ముఖ్యానికే అన్నది సిద్ధాంతం. నివ్వరి కూడా దొరకనినాడు నివ్వరిలాంటిదాన్ని కాదు, వరిలాంటిదాన్నే వెతకాలి. అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్లలకు ఈ నియమం తమ తల్లిదండ్రులకంటే ఎక్కువ అవసరం. బతుకమ్మను తీసుకుంటే, తంగేడుకు బదులు సెప్టెంబరు పొలాల్లో పసుపుపచ్చగా పూసే గోల్డెన్‌రాడ్‌ను ఎవరో వాడారు. దానికి బదులు ఆ తరువాతివారు పసుపు కాగితపు పూవును వాడితే, గోల్డెన్‌రాడ్ రంగు నిలిచి తంగేడు పోతుంది. అసలు తంగేడును చూసి, తాకి ఉన్నవారే దాని పోలికను వెతకగలరు. బంతి, గుమ్మడి అమెరికా ఖండంలోనే పుట్టి తెలుగు నేలకు వచ్చినవి గనుక బతుకమ్మలో వాటికి ఇబ్బంది లేదు. శరత్కాలంలో ప్రతి దుకాణం ముందూ కుండీల్లో అమ్మే మమ్స్ చామంతులే. గునుగు సైతం సెలోషియా పేరుతో నర్సరీలలో దొరికే జాతిదే.

తెలంగాణ చేలల్లో గునుగును ఎవరూ విత్తరు, అది కలుపు. అమెరికాలో దాన్ని మంచు వెనుకబట్టిన తరువాత కుండీలో విత్తుకోవలసి ఉంటుంది. సద్దుల బతుకమ్మ నాటికి కోయకుండా మొక్కన రెండు కంకులను వదిలి, ఎండినాక తెల్లకాగితం మీద దులిపితే ఆవగింజకంటే చిన్న, నల్లగా నిగనిగలాడే విత్తనాలు రాలతాయి. ఒక కవరులో పోసి, మీద తెలుగులో గునుగు అని రాసి, వంటింటి అరలో దాచినవి మరుసటి ఏటి బతుకమ్మకు సరిపోయినంత ఉంటాయి.