కడుపుకు తెలియనిది మనకు తెలియాలి

రోజుకు రెండు మూడు పూటలు మనం భోజనానికి కూర్చుంటాం. 'బిస్మిల్లాహ్' అని ముద్ద నోట పెట్టుకుంటాం. తినడం ముగిశాక 'అల్ హమ్దులిల్లాహ్' అని చేయి కడుక్కుని లేస్తాం. అంతటితో మన పని అయిపోయింది అనుకుంటాం. నిజానికి ఆ ముద్ద పని అప్పుడే మొదలవుతుంది. మనం దుకాణానికి వెళ్ళినా, పొలానికి వెళ్ళినా, నమాజులో నిలబడినా, నిద్రపోయినా లోపల ఆ పని సాగుతూనే ఉంటుంది.

మనిషి తన ఆహారం వైపు ఒకసారి దృష్టి సారించాలని దివ్య ఖుర్‌ఆన్ 'అబస' సూరా 24వ ఆయతు ఆదేశిస్తోంది. ఆ తర్వాతి ఆయతులు వాన కురవడం, నేల చీలి మొలక రావడం, ధాన్యం, ద్రాక్ష, ఆలివ్, ఖర్జూరం గురించి చెబుతాయి. అంటే ఆహారం మన పళ్ళెంలోకి వచ్చేవరకు జరిగే ఏర్పాటును చూడమంటున్నాయి. పళ్ళెం నుంచి లోపలికి వెళ్ళాక జరిగే ఏర్పాటును కూడా చూద్దాం. అలా చూసినప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతుంది. మన ప్రమేయం లేకుండానే ఇంత పని జరుగుతుంటే, మన ఆహారం గురించి అల్లాహ్ మనల్ని దేనికి ప్రశ్నిస్తాడు?

ముద్ద ప్రయాణం

అన్నం ముద్దను కాసేపు నమిలి చూడండి. నోట్లో తియ్యదనం తెలుస్తుంది. లాలాజలంలోని ఒక ఎంజైము పిండి పదార్థాన్ని చక్కెరగా విడగొట్టడం అప్పుడే మొదలుపెడుతుంది. ఇలాంటి లాలాజలం మన నోట్లో రోజుకు లీటరుకు పైగానే ఊరుతుంది.

ముద్దను గొంతులోకి నెట్టేది మనమే. అంతవరకు వద్దనుకుంటే ఉమ్మివేయగలం. గొంతు దాటిన మరుక్షణం అది మన ఆధీనంలో ఉండదు. ఊపిరి దారిని ఉపజిహ్విక మూసేస్తుంది. దాదాపు 25 సెంటీమీటర్ల అన్నవాహిక అలలు అలలుగా ముడుచుకుంటూ ముద్దను కిందికి దింపుతుంది. మనం పడుకుని తిన్నా అది కడుపులోకే చేరుతుంది.

ఖాళీగా ఉన్నప్పుడు పిడికెడంత ఉండే జీర్ణాశయం, తిన్నకొద్దీ సాగి లీటరుకు పైగా పట్టించుకుంటుంది. అందులో ఊరే హైడ్రోక్లోరిక్ ఆమ్లం చాలా ఘాటైనది. పెప్సిన్ అనే ఎంజైము మాంసకృత్తులను ముక్కలు చేస్తుంది. మాంసాన్ని కరిగించే ఆ రసం జీర్ణాశయం గోడను ఎందుకు కరిగించదు? ఆ గోడకు జిగురు పొర రక్షణగా ఉంది. పైగా గోడ పైకణాలు కొద్ది రోజులకోసారి కొత్తవి పుడుతూ ఉంటాయి. పెప్సిన్ కూడా ముందు పనిచేయని రూపంలోనే తయారై, ఆమ్లంతో కలిశాకే పదునెక్కుతుంది.

అక్కడి నుంచి ఆహారం కొంచెం కొంచెంగా చిన్నప్రేగులోకి దిగుతుంది. దాని పొడవు సుమారు 6 మీటర్లు. కాలేయం పంపే పైత్యరసం కొవ్వును చిన్న చిన్న బిందువులుగా చేస్తుంది. క్లోమరసం ఆమ్లం ఘాటును తగ్గించి, మిగిలిన పదార్థాలను విడగొడుతుంది. ప్రేగు లోపలి గోడ మీద లక్షలాది సన్నని చూషకాలు ఉంటాయి. వాటి వల్ల మన జీర్ణనాళం లోపలి వైశాల్యం మొత్తం సుమారు 30 చదరపు మీటర్లు అవుతుందని 2014లో స్వీడన్ పరిశోధకులు లెక్కగట్టారు. చక్కెరలు, మాంసకృత్తుల ముక్కలు అక్కడి నుంచి రక్తంలోకి చేరి ముందుగా కాలేయానికి వెళ్తాయి. మిగిలిన దాని నుంచి నీటిని పెద్దప్రేగు పీల్చుకుంటుంది. మనం తాగేదీ, లోపల ఊరేదీ కలిసి రోజుకు 8, 9 లీటర్ల ద్రవం ప్రేగుల్లోకి వస్తే, బయటికి పోయేది గ్లాసెడు కూడా ఉండదు.

ఈ మొత్తం పనిని నడిపించడానికి జీర్ణనాళం గోడల్లో 10 కోట్లకు పైగా నాడీకణాలు ఉన్నాయి. మన అనుమతి ఎవరూ అడగరు. మళ్ళీ మన ఇష్టం పనిచేసేది చివరన, మలవిసర్జనను కాసేపు ఆపుకోగలిగిన చోటే. అంటే మొదట ఒక ద్వారం, చివర ఒక ద్వారం మనకు అప్పగించి, మధ్యలో ఉన్నదంతా సృష్టికర్త తన ఏర్పాటులోనే ఉంచుకున్నాడు. మరుగుదొడ్డి నుంచి బయటికి వచ్చాక క్షమాపణ కోరే దుఆను దైవప్రవక్త (స) ఎందుకు నేర్పారో పండితులు వివరిస్తూ, ఇంత పెద్ద అనుగ్రహానికి తగినంత కృతజ్ఞత మన వల్ల కాదు కాబట్టి అని కూడా అన్నారు.

కడుపు తీర్పు చెప్పదు

1822 జూన్ 6న అమెరికాలోని మాకినాక్ దీవిలో ఒక తుపాకీ పొరపాటున పేలి అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కూలివాడి పొట్టకు గాయమైంది. అతను బతికాడు గాని గాయం పూర్తిగా పూడలేదు. జీర్ణాశయంలోకి ఒక రంధ్రం అలాగే మిగిలిపోయింది. వైద్యం చేసిన సైనిక వైద్యుడు విలియం బ్యూమాంట్ 1825 నుంచి ఆ రంధ్రం గుండా పరీక్షలు చేశాడు. పట్టుదారానికి మాంసం ముక్కలు కట్టి లోపలికి దింపి, కొన్ని గంటల తర్వాత తీసి చూశాడు. జఠరరసాన్ని బయటికి తీసి, సీసాలో పోసి, వెచ్చగా ఉంచి అందులో మాంసం వేశాడు. అక్కడ కూడా మాంసం కరిగింది. తాను చూసినదంతా 1833లో పుస్తకంగా అచ్చువేశాడు.

ఆ వైద్యుడు ఏ మాంసం ఎంతసేపట్లో కరుగుతుందో చూడగలిగాడు. ఆ మాంసం కష్టపడి కొన్నదా, దొంగిలించి తెచ్చిందా అన్నది మాత్రం ఆ రంధ్రంలో నుంచి ఎంత చూసినా కనిపించదు. జఠరరసానికి అది తెలియదు. సొంత సంపాదనతో వండిన అన్నమూ, లంచం డబ్బుతో వండిన అన్నమూ ఒకే దారిలో, ఒకే సమయంలో అరుగుతాయి. రెండూ ఒకే రక్తంగా మారతాయి.

'పాపపు కూడు వంటబట్టదు' అని మన పెద్దలు అంటుంటారు. మాట మంచిదే. కాని చాలామంది దాన్ని ఒంటి ఆరోగ్యానికి అన్వయించుకుంటారు. అక్రమంగా సంపాదించినవాడు హాయిగా తిని అరిగించుకోవడం మనం చూస్తున్నాం. ధర్మబద్ధంగా బతికేవాడు కడుపు నొప్పితో బాధపడటమూ చూస్తున్నాం. జబ్బుపడ్డవాణ్ణి చూసి 'ఎవరి సొమ్ము తిన్నాడో' అనడం ఎంత అన్యాయమో, ఆరోగ్యంగా ఉన్నాను కాబట్టి నా సంపాదన శుభ్రమైనదే అనుకోవడం అంత మోసం. హలాల్ ఆహారమైనా మితిమీరి తింటే హాని చేస్తుంది. కడుపులో మూడోవంతు ఆహారానికి, మూడోవంతు నీటికి, మూడోవంతు ఊపిరికి వదలమన్న దైవప్రవక్త (స) ఉపదేశం హలాల్ తినేవారికే.

మరి అల్లాహ్ తలచుకుంటే హరామ్ ముద్దను కడుపు తిప్పికొట్టేలా చేయలేడా? తప్పకుండా చేయగలడు. చెడిపోయిన ఆహారాన్ని కడుపు వాంతి రూపంలో తోసివేస్తూనే ఉంది కదా! అయితే అనాథ సొమ్ముతో కొన్న అన్నాన్ని కూడా అలాగే తోసేస్తే, అందరూ కడుపు నొప్పికి భయపడి నీతిగా ఉండేవారు. అల్లాహ్‌కు భయపడి ఉన్నవాడెవడో, నొప్పికి భయపడి ఉన్నవాడెవడో తేలేది కాదు. ఆ విచక్షణను అల్లాహ్ కడుపుకు ఇవ్వలేదు. మన మనసుకు, మన బుద్ధికి ఇచ్చాడు.

ఒకే ముద్ద, వేర్వేరు లెక్క

షరీఅత్ ఆదేశాలు చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. రోజా ఉన్న మనిషి మరచిపోయి తిన్నాడనుకోండి. ఆ అన్నం అతని కడుపులో మామూలుగానే అరుగుతుంది. అయినా అతని రోజా చెల్లుతుంది. అల్లాహ్‌యే అతనికి తినిపించాడని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. అదే ఆహారాన్ని తెలిసి తింటే రోజా భంగమవుతుంది. తనంతట వాంతి వస్తే రోజాకు ఏమీ కాదు. కావాలని చేసుకుంటే మళ్ళీ ఉండాలి. ప్రాణం పోయే స్థితిలో మరో దారి లేక, హద్దు మీరకుండా హరామ్ తిన్నవాడి మీద పాపం లేదని 'బఖరా' సూరా 173వ ఆయతు తెలుపుతోంది. కడుపులో జరిగేది అన్ని సందర్భాల్లోనూ ఒక్కటే. లెక్క మాత్రం వేరు. ఎందుకంటే లెక్క గొంతు దిగిన తర్వాతి దానికి కాదు, గొంతు దాటకముందు మనకు తెలిసినదానికీ మనం ఎంచుకున్నదానికీ.

హజ్రత్ అబూబక్ర్ (రజి) సంఘటన హదీసు గ్రంథం బుఖారీలో ఉంది. ఆయన బానిస ఒకరోజు ఏదో తెచ్చి ఇస్తే ఆయన తిన్నారు. తర్వాత ఆ బానిస, అజ్ఞాన కాలంలో తాను ఒకరికి జోస్యం చెప్పి మోసగించాననీ, అందుకు ప్రతిఫలంగా ఇది దొరికిందనీ చెప్పాడు. ఆయన వెంటనే నోట్లో చేయి పెట్టుకుని కడుపులో ఉన్నదంతా కక్కేశారు. తెలియక తిన్నందుకు ఆయన మీద పాపం లేదు. అయినా కడుపు చేయని పనిని ఆయన ఈమాన్ చేసింది.

'తినడం' అంటే ఏమిటి?

తెలుగులో 'లంచం తిన్నాడు', 'పొరుగువాడి సొమ్ము తిన్నాడు' అంటాం. ఉర్దూలో 'రిష్వత్ ఖానా', 'సూద్ ఖోర్', 'హరామ్ ఖోర్' అంటారు. ఖుర్‌ఆన్ కూడా వడ్డీ గురించి, పరుల సొత్తు గురించి చెప్పేటప్పుడు తినడం అనే మాటనే వాడింది. అనాథల ఆస్తిని అన్యాయంగా తినేవారు తమ కడుపుల్లోకి నిప్పును నింపుకుంటున్నారని 'నిసా' సూరా 10వ ఆయతు హెచ్చరిస్తోంది. జఠరరసానికి అన్నంగా కనిపించేది అల్లాహ్ దృష్టిలో నిప్పు.

ఇక్కడ మనం మన ఇళ్ళనే చూసుకోవాలి. పంది మాంసం పేరెత్తితేనే మనకు అసహ్యం పుడుతుంది. మాంసం కొనేటప్పుడు జబహ్ చేసింది ఎవరని అడుగుతాం. మంచిదే, అడగాలి. మరి తండ్రి చనిపోయాక అక్కాచెల్లెళ్ళకు అల్లాహ్ నిర్ణయించిన వాటా ఇవ్వకుండా ఆ పొలం పంటను ఏళ్ళ తరబడి తింటున్నప్పుడు ఎందుకు అడగం? 'పెళ్ళిలో ఖర్చుపెట్టాం కదా, చెల్లిపోయింది' అని ఎవరు తీర్పు చెప్పారు? జోడా డబ్బు అని, లాంఛనాలు అని అమ్మాయి తండ్రిని అప్పులపాలు చేసి, ఆ సొమ్ముతో వలీమా బిర్యానీ వడ్డిస్తే, ఆ మాంసాన్ని జబహ్ చేసినవాడు ముస్లిమే అయితే సరిపోతుందా? తూకంలో తగ్గించి, కూలివాడి కూలి ఎగ్గొట్టి తెచ్చిన బియ్యం మీద 'బిస్మిల్లాహ్' అంటే ఆ బియ్యం శుభ్రమవుతాయా?

మన ఇంట్లో చిన్న పిల్లలున్నారు. తల్లి కలిపి పెట్టిన ముద్దను వారు నోరు తెరిచి అందుకుంటారు. ఎక్కడి నుంచి తెచ్చారని అడగరు. ఆ ముద్ద వారి రక్తమవుతుంది, ఎముక అవుతుంది. తెలియని ఆ పసివారి మీద ఏ పాపమూ లేదు. తెచ్చిన మన మీదే భారమంతా ఉంది. దూరప్రయాణం చేసి, చెదిరిన జుట్టుతో, దుమ్ము కొట్టుకుని, ఆకాశం వైపు చేతులెత్తి వేడుకునే ఒక వ్యక్తిని దైవప్రవక్త (స) ప్రస్తావించారు. అతని తిండీ, తాగేదీ, బట్టా హరామ్ అయినప్పుడు అతని దుఆ ఎలా స్వీకరించబడుతుందని ఆయన అడిగారు. మన పిల్లల కోసం మనం చేసే దుఆలు ఏ తిండి తిని చేస్తున్నామో ఆలోచించుకుందాం.

ఏం చేయాలి?

ఇది విని అనుమానాల్లో పడిపోవలసిన అవసరం లేదు. తోటి ముస్లిం ప్రేమతో పిలిచి భోజనం పెడితే, ఇది ఏ డబ్బుతో వండారని ఆరా తీయమని ధర్మం మనకు చెప్పలేదు. మనకు తెలియని దాని గురించి మనల్ని పట్టుకోరు. మన చేతిలో, మన ఖాతాలో, మన సంతకంతో జరిగినదాన్ని మనమే చూసుకోవాలి.

తిన్నది అరిగిపోయింది, ఒంట్లో కలిసిపోయింది, ఇప్పుడేం చేయగలం అని కొందరు నిరాశపడతారు. నిజమే, అరిగిన అన్నాన్ని ఎవరూ వెనక్కి తీయలేరు. అయితే హక్కు అరిగిపోదు. చెల్లెలి వాటా ఎంతో లెక్కగట్టి ఇవ్వవచ్చు. ఆమె లేకపోతే ఆమె వారసులకు ఇవ్వవచ్చు. కూలివాడి బాకీ తీర్చవచ్చు. ఒకేసారి ఇవ్వలేకపోతే ఒప్పుకుని, గడువు అడిగి, కొంచెం కొంచెంగా ఇవ్వవచ్చు. దాసుల హక్కుల విషయంలో తౌబా అంటే పశ్చాత్తాపపడటం ఒక్కటే కాదు, హక్కుదారుకు అతని హక్కు చేర్చడం లేదా అతను మనస్ఫూర్తిగా మాఫీ చేయడం కూడా అని ఉలమాలు స్పష్టం చేశారు. సిగ్గుపడో, అన్నదమ్ములకు జంకో 'నాకొద్దులే' అనడం మాఫీ కాదని కూడా మనం గుర్తుంచుకోవాలి.

గొంతు దాటాక మన కడుపు మనకోసం రాత్రింబవళ్ళు పనిచేస్తుంది. మనం ఏది ఇస్తే దాన్ని నమ్మి తీసుకుంటుంది. ఆ నమ్మకానికి తగినట్టు గొంతు దాటకముందు చేయవలసిన ఒక్క పనిని, అంటే చూసి, తెలుసుకుని, ఎంచుకుని తినడాన్ని, మనం చేద్దాం. మనకు, మన సంతానానికి హలాల్ అయిన, పరిశుద్ధమైన ఉపాధిని అల్లాహ్ ప్రసాదించుగాక! పరుల హక్కు మన మెడ మీద ఉంటే, ఈ లోకంలోనే దాన్ని తీర్చే ధైర్యాన్ని ఇచ్చుగాక! ఆమీన్.