తెల్లవారుజాము అప్పులవాడిది కాదు



రాత్రి షిఫ్టు అన్నలు ఇంకా ఇల్లు చేరలేదు. మొదటి షిఫ్టుకు పోయే వారికి టిఫిను డబ్బాలు ఇంకా సర్దలేదు. ఆ వేళకు గోదావరిఖనిలో ఎన్నో క్వార్టర్లలో ఒక మనిషి మేలుకొని ఉంటాడు. అలారం మోగలేదు, పిల్లవాడు ఏడవలేదు. అయినా నాలుగు గంటలకే కళ్ళు తెరుచుకున్నాయి. గుండె దడదడలాడుతున్నది. ఇంటి కప్పుకేసి చూస్తూ లెక్కలు వేస్తున్నాడు. ఐదో తారీఖున బ్యాంకు కిస్తు, పదో తారీఖున చిట్టీ, ఆదివారం గిరిగిరి అతను ఇంటి ముందుకు వస్తాడు. ఎవరికి ముందు ఇవ్వాలి? ఎవరికి ఏ అబద్ధం చెప్పాలి?

ఆ మనిషి మీరే అయితే, ఈ వారం నా మాటలు మీతోనే.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. కొన్నేళ్ళ క్రితం ఉదయపు దివ్యపూజ ముగిశాక బాయి పని చేసే ఒక తమ్ముడు నా దగ్గరకు వచ్చాడు. "ఫాదర్, పొద్దుగాల లేవంగనే పానం గాబరైతది. బాయిల దిగినంక మంచిగనే ఉంటది. మల్ల తెల్లారితే అదే" అన్నాడు. నేను అతని తలపై చేయి ఉంచి ప్రార్థించాను. రేపటిని గూర్చి చింత వద్దని ప్రభువు నేర్పించారు కదా, విశ్వసించు అని చెప్పి పంపించాను. అప్పు ఎంత ఉందని అడగలేదు. ఇంట్లో తెలుసా అని అడగలేదు. కొద్ది రోజులకు అతని భార్య వచ్చి, మనిషి రెండు రోజులుగా ఇంటికి రాలేదని ఏడ్చింది. దేవుని దయవలన మూడవ రోజు తిరిగి వచ్చాడు. ఎక్కడికి పోయావని నేను అడగలేదు, అతడు చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

నేను చెప్పిన వాక్యం సత్యమే. కానీ దానిని అతని నోరు మూయడానికి వాడుకున్నాను. ఆనాటి నుండి ఆ వాక్యాన్ని మళ్ళీ చదవటం నేర్చుకున్నాను.

తెల్లవారుజామున కలిగే ఈ భయం విశ్వాసం లేనందున వచ్చినది కాదు. మన శరీరంలో కార్టిసాల్ అనే హార్మోను ఉన్నది. అది తెల్లవారుజామున పెరుగుతూ వచ్చి, నిద్ర లేచిన అరగంట, ముప్పావు గంటలో హెచ్చుగా ఉంటుందని వైద్యులు చెబుతారు. మనిషిని లేపి పనికి సిద్ధం చేయటానికి సృష్టికర్త పెట్టిన ఏర్పాటు అది. చింత ఉన్న మనిషిలో ఆ ఉరుకు భయంగా మారుతుంది. వారం వారం షిఫ్టు మారి నిద్ర చెడిన వారికి ఇది మరింత కష్టం. కనుక నాలుగు గంటలకు మీ అప్పు కొత్తగా పెరగలేదు. రాత్రి పడుకునేటప్పుడు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. చీకటిలో అది పెద్దదిగా కనబడుతున్నది, అంతే.

అయితే రేపటిని గూర్చి చింతించవద్దనే బోధకు (మత్తయి 6:34) అర్థమేమిటి? లెక్క చూసుకోవద్దనా? 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు గారు తన 'సుమ్మా' గ్రంథంలో సరిగ్గా ఈ ప్రశ్ననే వేసుకున్నారు. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో పరీక్ష కోసం దీనిని బట్టీ పట్టాను. దాని విలువ గోదావరిఖనిలోనే తెలిసింది. ఆయన చెప్పే సారాంశం ఇది: ప్రతి చింతకు దాని కాలమున్నది. వేసవిలో పంట కోతను గూర్చి ఆలోచించటం వివేకం. ద్రాక్ష కోత శరత్కాలపు పని. వేసవిలోనే ద్రాక్ష కోతను గూర్చి మథనపడేవాడు శరత్కాలపు భారాన్ని అనవసరంగా ముందే నెత్తికెత్తుకుంటున్నాడు. ప్రభువు వద్దన్నది ఆ అకాల చింతనే. ముందుచూపును ఆయన వద్దనలేదు.

ఎడారిలో మన్నా కూడా ఇదే నేర్పింది (నిర్గమ కాండము 16). ఏ పూటకాపూట ఏరుకోవాలి. భయపడి రేపటికి దాచిన దానికి పురుగులు పట్టాయి. కానీ విశ్రాంతి దినానికి ముందు రోజున మాత్రం రెండు రోజులకు సరిపడా ఏరుకోమని దేవుడే ఆజ్ఞాపించాడు. అంటే రేపటి కొరకు సిద్ధపడే సమయం ఒకటి దేవుడే నియమించాడు. ఆ సమయం తెల్లవారుజామున నాలుగు గంటలు మాత్రం కాదు.

మనం రోజూ చెప్పుకునే పరలోక జపాన్ని గమనించారా? అందులో అన్నం అడుగుతాం, అదీ నేటికి మాత్రమే. ఆ వెంటనే అప్పు అనే మాట వస్తుంది. మనం పాపాలను తలచుకొని ఆ మాట అంటాం, నిజమే. అయినా ప్రభువు అప్పు అనే మాటనే ఎంచుకున్నారు. అప్పు మనిషి మెడను ఎలా వంచుతుందో నజరేతు వడ్రంగి ఇంట పెరిగిన వారికి తెలియదా? వరుస కూడా చూడండి. ముందు అన్నం, తరువాత అప్పు. ఉదయం మీ ఇంటివారికి ఈ పూట అన్నం ఉన్నదా? ఉంటే ఆ ఒక్కదానికి కృతజ్ఞతలు చెప్పి లేవండి. తెల్లవారుజాము దేవునిది. దానిని అప్పులవాడికి రాసి ఇవ్వకండి.

మరి అప్పు సంగతి? దానికీ ఒక గంట ఇవ్వాలి. వారానికి ఒక రోజు, పట్టపగలు, కాగితం కలం పట్టుకొని, భార్యాభర్తలు కలిసి కూర్చునే గంట అది. భయం తెల్లవారుజామున వచ్చి తలుపు కొడితే, "నీ గంట ఆదివారం పూజ తరువాత, అప్పుడు రా" అని చెప్పటానికి వీలుండాలి. అలా చెప్పాలంటే ఆదివారం నిజంగా కూర్చోవాలి. కూర్చోనివాడి మాటను భయం నమ్మదు.

ఎలా కూర్చోవాలో రాజుల రెండవ గ్రంథం 4వ అధ్యాయంలో ఒక విధవరాలు చూపిస్తుంది. భర్త చనిపోయాడు. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను బానిసలుగా పట్టుకుపోతానంటున్నాడు. ఆమె దాచలేదు. ఎలీషా ప్రవక్త దగ్గర గొంతెత్తి చెప్పుకుంది. ప్రవక్త ముందుగా అడిగినది, ఇంట్లో ఏమున్నదని. ఉన్నది కొంచెం నూనె. తరువాత ఇరుగుపొరుగు ఇళ్ళకు పంపి ఖాళీ పాత్రలు తెమ్మన్నాడు. నూనె నిండిన తరువాత, ముందు అప్పు తీర్చి, మిగిలిన దానితో బ్రతకమన్నాడు. అద్భుతం దేవుడు చేశాడు. కానీ దానికి ముందు ఆమె మూడు పనులు చేసింది: ఉన్న సంగతి చెప్పింది, ఉన్న దానిని లెక్క చూసింది, పొరుగువారి గడప తొక్కింది.

బాయిలో పని చేసేవారికి నేను వేరే చెప్పాలా? కార్మికులు పనిలో దిగకముందు సర్దార్ పైకప్పును తట్టి చూస్తాడు. గట్టి కప్పు ఖంగున మోగుతుంది. వదులు కప్పు డొల్లగా మోగుతుంది. చూడటానికి భయమేసి తట్టకుండా వదిలేస్తే కప్పు నిలబడుతుందా? ఎక్కడ వదులో తెలిస్తేనే అక్కడ సపోర్టు పెట్టగలం. మీ అప్పులనూ అలాగే ఒక్కొక్కటి తట్టి చూడండి.

ఒక చిన్న లెక్క చెబుతాను. లక్ష రూపాయలు నూటికి ఐదు వడ్డీకి తెస్తే నెలకు 5,000, ఏడాదికి 60,000 రూపాయలు. ఇరవై నెలలలో లక్ష వడ్డీగానే పోతుంది, అసలు మాత్రం అలాగే ఉంటుంది. నూటికి పది అయితే పది నెలలే. అదే లక్ష బ్యాంకులో ఏడాదికి 12 శాతానికి ఉంటే వడ్డీ 12,000. కనుక ఇంటి ముందు గట్టిగా అరిచేవాడి అప్పును కాదు, ఎక్కువ వడ్డీ తినే అప్పును ముందు కట్టాలి. పాత అప్పు తీర్చటానికి అంతకంటే ఎక్కువ వడ్డీకి కొత్త అప్పు తేవటం, గోతిలో నుండి బయటపడటానికి గొయ్యి తవ్వటమే. లాభాల వాటా, దీపావళి బోనసు చేతికి రాకముందే వాటిపై అప్పు చేయకండి. తాగుడు, పేకాట, ఫోనులో బెట్టింగు ఉంటే ఆ కాగితం మీద వాటినీ రాయండి. రాయని అప్పు తీరదు.

లెక్క బయటపెట్టటం సిగ్గు అనుకుంటున్నారా? మనకు అన్నం పెట్టే సింగరేణి సంస్థనే చూడండి. నష్టాలలో కూరుకుపోయి 1992లోను, తిరిగి 1996లోను ఖాయిలా పరిశ్రమగా బి.ఐ.ఎఫ్.ఆర్. ముందుకు వెళ్ళింది. నష్టాలను దాచలేదు, బాకీల గడువులు మార్పించుకుంది, 1990ల చివరికి లాభాల బాట పట్టింది. ఆ దారిలో కార్మిక కుటుంబాలు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. ఒకప్పుడు లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. అంత పెద్ద కంపెనీ లెక్కలు విప్పి గడువు అడగగా లేనిది, మీరు అడగటం సిగ్గెందుకు?

ఇక మరొక వైపు ఉన్నవారితో ఒక మాట. మన విచారణలలోనే ఆదివారం ముందు వరుసలో కూర్చుండి, సోమవారం వడ్డీ వసూలుకు పోయేవారున్నారు. కార్మికుని ఏటీఎం కార్డు, ఖాళీ చెక్కు తమ బీరువాలో పెట్టుకున్నవారున్నారు. ద్వితీయోపదేశ కాండము 24వ అధ్యాయం తిరుగలి రాయిని తాకట్టు పట్టరాదంటుంది. పిండి విసిరే రాయిని తీసుకుంటే ప్రాణాన్నే తీసుకున్నట్లు అని దాని భావం. బొగ్గు గని కార్మికుని ఏటీఎం కార్డు ఈ కాలపు తిరుగలి రాయి. జీతం పడిన రోజున అతని కంటే ముందు మీరు డబ్బు తీసుకుంటే, అతని పిల్లల పిండిని మీరు తీసుకున్నట్లే. కార్డు తిరిగి ఇచ్చి, తరువాత దివ్యసత్ప్రసాదానికి రండి. మాట కఠినంగా ఉంటే క్షమించండి, కానీ ఇది నా మాట కాదు.

శ్రీసభ ఈ విషయంలో ప్రసంగాలతోనే ఊరుకోలేదు. 1462లో ఇటలీలోని పెరూజా పట్టణంలో ఫ్రాన్సిస్కను సభవారు పేదలకు వడ్డీ వ్యాపారుల పీడ తప్పించటానికి తక్కువ ఖర్చుతో అప్పిచ్చే నిధిని నెలకొల్పారు. 1515లో ఐదవ లాతరను మహాసభ అటువంటి నిధులను ఆమోదించింది. మన మహిళా పొదుపు సంఘాలు ఆ పనినే చేయగలవు. విధవరాలి పొరుగువారు డబ్బు ఇవ్వలేదు, ఖాళీ పాత్రలు ఇచ్చారు. మనం ఒక్కొక్కరం ఒక పాత్ర ఇవ్వలేమా? పక్కన కూర్చుని లెక్క రాసిపెట్టటం, అప్పులవాడి దగ్గరకు తోడుగా వెళ్ళటం కూడా పాత్ర ఇవ్వటమే.

బెదిరింపులు ఎదురైతే ఒంటరిగా భరించకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయ సహాయం ఇస్తున్నది. లోక్ అదాలత్‌లో రాజీకి మార్గమున్నది. ఫోనులోని లోన్ యాప్‌ల మోసానికి 1930 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. ప్రాణం మీద విరక్తి పుడితే 14416 నంబరుకు ఫోను చేయండి. 2022లో మొదలైన టెలీ మానస్ సేవ అది, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. గురువు ఇంటి తలుపు కూడా తట్టండి. ఏ వేళనైనా సరే. ఈసారి నేను "ఎంత అప్పు?" అని తప్పక అడుగుతాను.

ఆనాటి తమ్ముడు తిరిగి వచ్చిన తరువాతి ఆదివారం మేము ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. అతడు, అతని భార్య, నేను. మొత్తం చూసి ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "గింతేనా? నువ్వు లేకపోతే మేమెట్ల బతుకుతమనుకున్నవ్?" అన్నది. అప్పు ఆ రోజున ఒక్క రూపాయి తగ్గలేదు. తీరటానికి చాలా ఏళ్ళు పట్టింది. కానీ ఆ రాత్రి అతడు తెల్లారేదాకా పడుకున్నాడని ఆమె తరువాత చెప్పింది.

రేపు నాలుగు గంటలకు మెలకువ వస్తే లెక్కలు మొదలుపెట్టకండి. లేచి మంచినీళ్ళు తాగండి. సిలువ గుర్తు వేసుకొని, పరలోక జపాన్ని నెమ్మదిగా, ఒక్కొక్క మాట ఆగి ఆగి చెప్పండి. అన్నం దగ్గర ఒకసారి, అప్పు దగ్గర ఒకసారి ఆగండి. భార్యకు ఇంకా చెప్పకపోతే, రేపే చెప్పండి.

పేదవానిగా పుట్టి, తల వాల్చుకోవటానికి చోటు లేక తిరిగిన ప్రభువు, అప్పుల భారంతో మేలుకొని ఉన్న ప్రతి ఇంటిని కనిపెట్టి కాపాడును గాక. ఆమెన్.