మూడొద్దులకే ముగిస్తారా?

పెత్రమాస దగ్గరికొచ్చింది. ఊళ్లలో బియ్యం, పప్పు, గుమ్మడికాయ, చిక్కుడుకాయలు చాటలో సర్ది, పెద్దల పేరు చెప్పి స్వయంపాకం ఇచ్చే రోజు. పొద్దున పెద్దలకు బియ్యం, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. ఢిల్లీలో స్థిరపడ్డ మనవాళ్లు కూడా ఆ పూట తండ్రినో తాతనో తలచుకోకుండా ఉండరు. అందుకే చాలాకాలంగా మనసులో నలుగుతున్న మాట ఈ వారం రాస్తున్నాను. చావు జరిగిన ఇంట్లో పది రోజులు కూర్చునే ఓపిక మనకు లేకుండా పోతోంది.

కరోల్ బాగ్‌లో, పక్కనే ఉన్న పాత రాజేంద్రనగర్‌లో సివిల్స్‌కు చదివే తెలుగు పిల్లలు ఎందరో. వాళ్లలో చాలామంది రైతుబిడ్డలు. ఎకరమో అరెకరమో అమ్మి ఫీజు కట్టిన నాయనలు వాళ్ల వెనక ఉన్నారు. మంచం, బల్ల పట్టే ఆ గదుల్లోకి ఒక్కోసారి అర్ధరాత్రి ఫోన్ వస్తుంది. ‘నాయనకు కొంచెం బాగాలేదు, బయలుదేరు’ అంటారు. అసలు సంగతి చెప్పరు. భరతుడికీ చెప్పలేదు కదా! రాముడు అడవికి పోయిన ఆరోనాటి రాత్రి దశరథుడు కన్నుమూశాడు. పక్కన ఒక్క కొడుకూ లేడు. దేహాన్ని తైలద్రోణిలో ఉంచి, కేకయానికి దూతలను పంపుతూ, మరణవార్త పొక్కనివ్వద్దని వసిష్ఠుడు గట్టిగా చెప్పాడు. ఏమీ తెలియకుండానే భరతుడు ఏడు రాత్రులు ప్రయాణం చేసి వచ్చాడు. ఇప్పుడు హైదరాబాదు రెండు గంటల పైచిలుకు విమాన ప్రయాణం, తైలద్రోణికి బదులు అద్దెకు తెచ్చే ఫ్రీజర్ పెట్టె. ఆ ఫోన్‌లో పలికే అబద్ధం మాత్రం అదే.

మొన్న అలాంటి కబురే అందుకున్న ఒక కుర్రాడు, బ్యాగు సర్దుకుంటూ నన్ను అడిగాడు. ‘సార్, మూడొద్దులకే అన్నీ అయిపోగొట్టుకోవచ్చా? మెయిన్స్ తల మీద ఉంది.’ పోను, రాను టికెట్లు అప్పటికే తీసేసుకున్నాడు. ఆ పిల్లవాణ్ణి నేను తప్పుపట్టను. ఈ లెక్క వాడికి నేర్పింది పెద్దవాళ్లమే. పెళ్లికి పదిహేను రోజులు సెలవు పెట్టడానికి జంకనివాళ్లం, తండ్రి దినాలకు వచ్చేసరికి ‘సెలవు దొరకదు, పంతులుగారితో మాట్లాడి కుదించండి’ అంటున్నాం. పదోరోజుకు మళ్లీ వస్తామని చెప్పి, ఆన్‌లైన్లో డబ్బు పంపి, వీడియో కాల్‌లో దండం పెట్టుకునేవాళ్లనూ చూశాను. ఇక్కడి పంజాబీ ఇళ్లలో నాలుగోనాడు చౌథా జరుపుకుంటారు. అది వాళ్ల ఆచారం, వాళ్ల బంధుబలగం కూడా తరచుగా నాలుగు వీధుల్లోనే ఉంటుంది. మనం ఆచారం మార్చుకోవడం లేదు, టికెట్టు తేదీకి దాన్ని కోస్తున్నాం.

మా నాయన మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించేవాడు. బీపీటీ తప్ప వేరే రకం వేసేవాడు కాదు. యూరియా చల్లే రోజు మడిలో నీళ్లు తీసేసి, బురదపదును చూసుకుని, నడుముకు కట్టిన ఒడిలోంచి గుప్పిళ్లతో విసురుతూ ఆ గట్టు నుంచి ఈ గట్టుకు నడిచేవాడు. మధ్యలో ఆగితే సమంగా పడదని ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. అలాంటి మనిషి ఒక పొద్దున పెద్దమడి సగం చల్లి, గట్టెక్కి కూర్చుని, కూర్చున్నచోటే ఒరిగిపోయాడు. పక్కపొలం వాళ్లు మంచినీళ్లు తెచ్చేలోపే ప్రాణం పోయింది. గుండె అన్నారు. అంతకుముందు రోజు దాకా ఆయన జ్వరమన్నది ఎరగడు.

మూడోనాడు పిట్టకు పెట్టాం. జొన్నరొట్టె, పుంటికూర, చేపల పులుసు, ఒక బీడీకట్ట. కాకి చుట్టూ తిరిగింది గానీ ముట్టలేదు. చివరికి ఆకు నీళ్లలో వదిలి ఇంటికొచ్చాం. మైల ఇల్లు కాబట్టి చేను సంగతి ఎవరూ ఎత్తలేదు. సగం బస్తా యూరియా గట్టు మీదే, పైన ఎవరో కప్పిన పట్టా కింద ఉండిపోయింది. తొమ్మిదోనాడు పొద్దున్నే నేను పొలం వైపు పోయాను. పెద్దమడిలో ఒక సగం ఎరువు తగిలి నల్లబడింది. రెండో సగం పాలిపోయి పసుపుగా ఉంది. రెండింటి మధ్య అంచు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా స్పష్టంగా కనిపిస్తోంది. నాయన చెయ్యి ఆగిన చోటు అది.

ఆ పూట మళ్లీ పిట్టకు పెట్టినప్పుడు ఎంతసేపటికీ కాకి రాలేదు. మా చిన్నాయన తడిబట్టలతో ముందుకొచ్చి, ‘అన్నా, మిగిలిన సగం రేపు నేను చల్లుత. నువ్వు రంది పెట్టుకోకు, ఎల్లిపో’ అన్నాడు. ఆ మాట పూర్తయ్యేసరికి రెండు కాకులు వాలాయి. నా కళ్లతో చూసిన సంగతి ఇది, నమ్మనివాళ్లతో వాదించను. మూడోనాడే బండెక్కి ఉంటే ఆ మడి నాకు కనిపించేది కాదు, చిన్నాయన మాట వినిపించేది కాదు.

ఆ పది రోజుల్లోనే ఎరువుల దుకాణం నుంచి ఖాతా పుస్తకం వచ్చింది. నాయన ఎవరికి హామీ ఉన్నాడో, ఎవరికి విత్తనాలు బదులిచ్చాడో, అరుగు మీద కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే చెప్పారు. వేదం చెప్పిన మూడు ఋణాల్లో పితృఋణం ఒకటి. రైతు కొడుక్కి అందులో ఎరువుల బాకీ కూడా కలిసే ఉంటుందని నాకు ఆ అరుగు మీదే తెలిసింది.

ఇప్పటి పిల్లలకు ఇంకో బాధ్యత కూడా ఉంది. తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి రైతుబీమా అమలవుతోంది. 18 నుంచి 59 ఏళ్ల వయసున్న పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షల రూపాయలు పది రోజుల్లో అందాలన్నది ఆ పథకంలోని ఏర్పాటు. అంటే మరణ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పుస్తకం పట్టుకుని తిరగాల్సింది దినాలు నడిచే ఆ రోజుల్లోనే. కొడుకు మూడోనాడే విమానమెక్కితే ఆ తిరుగుడంతా తల్లి మీద పడుతుంది. 59 దాటి పోయిన రైతు ఇంట్లో ఆ ఆసరా కూడా లేదు. అక్కడ కొడుకే ఆసరా కావాలి.

సాయంత్రాలు పూసా రోడ్డు మీద నడుస్తుంటే మన పిల్లలు టీ బడ్ల దగ్గర నోట్సు వల్లెవేయడం వినిపిస్తుంది. దేశంలో 15 వ్యవసాయ వాతావరణ మండలాలని గడగడా చెబుతారు. బీహార్‌లోని పూసాలో 1905లో పుట్టిన వ్యవసాయ పరిశోధనా సంస్థ, 1934 భూకంపంలో దెబ్బతిని, 1936లో ఢిల్లీకి ఎలా తరలివచ్చిందో కూడా కొందరు చెప్పగలరు. ఆ సంస్థ పొలాలు అక్కడికి ఎంతో దూరం కాదు. ‘మీ నాయన చేలల్లో ఏ చేనును ఏమని పిలుస్తారు?’ అని నేను అడిగితే చాలామంది నీళ్లు నమిలారు. బాయికాడి మడి, చింతలచెలక, ఊరగడ్డ లాంటి పేర్లు ఏ పుస్తకంలోనూ దొరకవు. తండ్రి పోయాక అవి చెప్పగలిగేది ఆ అరుగు మీద కూర్చునేవాళ్లే.

నిజంగా వెళ్లలేని పరిస్థితులు ఉంటాయి, కాదనను. సాక్షాత్తు రాముడికే తండ్రి చివరిచూపు దక్కలేదు. చిత్రకూటంలో భరతుడి నోట కబురు విని, మందాకిని ఒడ్డున గారపిండి, రేగుపండ్లు కలిపి పిండం పెట్టాడు. తాను తినేదే పెట్టాడు. దాన్ని చూసి కౌసల్య కుమిలిపోయింది గానీ కొడుకును ఒక్కమాట అనలేదు. అయితే రాముణ్ణి ఆపింది తండ్రికి ఇచ్చిన మాట. మనల్ని ఆపుతున్నది ఏమిటో ఎవరికి వారు చూసుకోవాలి. అటు భరతుడు పన్నెండోనాటి శ్రాద్ధం పెట్టి, పదమూడోనాడు చితి దగ్గర కుప్పకూలి ఏడ్చాడు. రాజ్యం తీసుకొమ్మని మంత్రులు అతణ్ణి అడిగింది పద్నాలుగోనాడు. అంతటి రాజ్యమే అన్నాళ్లు ఆగింది!

ఆ కుర్రాడికి నేను చెప్పింది ఇంతే. తిరుగు టికెట్టు రద్దు చేసుకో, కొంత డబ్బు పోతుంది, పోనీ. పుస్తకాలు వెంట తీసుకుపో, రాత్రిళ్లు చదువుకో. పగలు మాత్రం అరుగు మీద కూర్చో. వచ్చినవాళ్లందరి మాటా విను. పెద్దకర్మ అయ్యాక, మీ అమ్మను అడిగి, రావడానికి టికెట్టు తీసుకో.