పేరు మరిచిన ఇల్లాలు

మనస్తత్వ రచన అంటే మన మిత్రుల్లో కొందరికి ఇప్పటికీ అనుమానమే. వ్యక్తి అంతరంగంలోకి దిగినవాడు సమాజం నుంచి పారిపోయాడని వారి వాదం. నేనొప్పుకోను. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు పతనాన్ని వంశప్రతిష్ఠ నుంచి, హరించిపోయిన ఆస్తి నుంచి విడదీయగలమా? అయితే నవల పొడుగునా మనం తిరిగేది అతని తలలోనే. ఆ పతనాన్ని పూటపూటా భరించిన భార్య మనస్సు ఏమైందన్నది వేరే ప్రశ్న.

అటువంటి ప్రశ్న అడిగినవారు పి. సత్యవతి. ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ తన పేరు మరిచిపోతుంది. ఇల్లలుకుతూ పేరు మరిచిన ఈగ కథ మనం చిన్నప్పుడు విని నవ్వుకున్నదే. ఇక్కడ నవ్వు రాదు. ఆమె పేరు పోయినందువల్ల ఇంట్లో ఎవరి పనీ ఆగదు! చివరకు పాత స్నేహితురాలి పిలుపుతో ఆ పేరు దొరుకుతుంది. 1892లో అమెరికా రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ ప్రచురించిన ‘ది ఎల్లో వాల్‌పేపర్’లో సంగతి దీనికి తలకిందులు. అక్కడ భర్త వైద్యుడు. విశ్రాంతి పేరిట భార్యను గదికి పరిమితం చేసి, రాసుకోవద్దంటాడు. ఆ గదిలోనే ఆమె మతి చెదురుతుంది. ఒక ఇల్లు గమనించదు. మరొక ఇల్లు జబ్బని ముద్ర వేసి నోరు మూయిస్తుంది. ఈ ముద్ర వేసే హక్కు ఎవరిది?

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్, కొండాపూర్ ప్రాంతాల్లో లేచిన అపార్ట్‌మెంట్లను చూసినప్పుడు ఈ ప్రశ్న నాకు మళ్ళీ ఎదురవుతుంది. అక్కడ అలుకుడు లేదు, యంత్రం తుడుస్తుంది. 2020లో కరోనా వచ్చి ఆఫీసు పడకగదిలోకి కూడా ప్రవేశించింది. ఉద్యోగం మానుకున్న కోడలు, ఊళ్ళో ఇంటికి తాళం వేసి మనవణ్ణి పెంచడానికి వచ్చిన అత్తగారు. కోడలు మాట్లాడడం తగ్గిస్తే ‘మూడ్ బాగాలేదు’ అంటారు; అత్తగారు చెప్పిందే చెబితే ‘చాదస్తం’ అంటారు. మీటింగు నడుస్తుంటే ఆ మాట కూడా అనరు, తలుపు వేస్తారు.

పనిగంటలు తగ్గితే అంతా సర్దుకుంటుందని మనవాళ్ళు అనవచ్చు. పనిగంటల కోసం పోరాడవలసిందే. కాని సోషలిజం వచ్చినా డిమెన్షియా వస్తుంది, దానికి వైద్యం కావాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ వైద్యసేవలు పొందే హక్కును ఇచ్చింది. తనకు ఎటువంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కునూ ఇచ్చింది. రోగి మాటకు విలువ ఉందని చట్టం ఒప్పుకున్నదన్నమాట. మన కథకుల్లో చాలామంది మాత్రం ఆ తల్లిని ఇంకా కొడుకు కళ్ళతోనే చూస్తున్నారు. మతిమరుపు ఆమెది, దుఃఖం కొడుకుది, పశ్చాత్తాపమూ కొడుకుదే. పదిహేనో అంతస్తులో లిఫ్టు ముందు నిలబడి, ఏ మీట నొక్కాలో తోచక, అడగడానికి సిగ్గుపడే ఆ మనిషికి ఆ క్షణాన ఏమనిపిస్తుంది?