మూడోదానికి చోటు

గినీ పిగ్‌ను దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మనుషులు వేల ఏళ్ళ కిందట మచ్చిక చేసుకున్నారు, తినడానికే. పెరూ, బొలీవియా పల్లెల్లో ఇప్పటికీ ఇవి వంటింటి నేల మీద గుంపుగా తిరుగుతూ, పారేసిన తొక్కలూ ఆకులూ తింటూ పెరుగుతాయి. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి దీన్ని ఒంటరిగా పెంచడం చట్టం ఒప్పుకోదు. కనీసం రెండు ఉండాలి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, కూకట్‌పల్లిలో మా చెల్లెలి ఇంట్లో ఉన్న జున్ను, బూందీలను ఒక పూట చూస్తే ఆ చట్టం సబబే అనిపిస్తుంది. ఒకటి గడ్డిపోచ నములుతుంటే రెండోది వచ్చి ఆ పోచకే రెండో కొస అందుకుంటుంది. కొత్తిమీర కవరు చప్పుడు వినబడితే చాలు, రెండూ ఒకేసారి కూత మొదలెడతాయి.

ఇలా కలిసిపోయిన జంట మధ్యకు మూడోదాన్ని తేవడం వేరే సంగతి. ముందు తినేది ఎవరు, ఏ మూల ఎవరిది, ఎదురుపడితే పక్కకు తప్పుకోవలసింది ఎవరు, అన్నీ ఆ రెండూ ఎప్పుడో తేల్చుకున్నాయి. కొత్తది అడుగుపెట్టగానే ఆ ఏర్పాటంతా మళ్ళీ మొదటికొస్తుంది. రెండుకు ఒకటి కలిపితే మూడని మనం అనుకుంటాం. వాటికి మాత్రం పాత ఇద్దరి సంబంధమూ కొత్తగా తేలాల్సిందే.

మా చెల్లెలు చెప్పిన కారణం వయసు. ఇవి బతికేది అయిదు నుంచి ఎనిమిదేళ్ళు. జున్ను పెద్దదైంది, అది పోతే బూందీ ఒంటరిదైపోతుందని చెల్లెలి బాధ. చెల్లెలి కూతురి కారణం మాత్రం గోధుమరంగు. దుకాణంలో చింతపిక్క రంగు పిల్లను చూసి వచ్చి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఇంట్లోకి కొత్త ప్రాణిని తెచ్చేటప్పుడు ఇలాంటి కారణాలు రెండూ కలిసే ఉంటాయి, పైకి చెప్పేది మొదటిదే. తప్పేం లేదు. అయితే తెచ్చేది ఎవరి కోసమో మనసులోనైనా ఒప్పుకుంటే, తర్వాత పడాల్సిన ఓపిక ఎవరి వంతో తెలుస్తుంది.

ఆ పిల్ల పేరూ చింతపిక్కే అయింది. దాన్ని తెచ్చిన వెంటనే కలపలేదు. కొత్తదాన్ని రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచాలి. గజ్జి, పేలు, తామర, ఊపిరితిత్తుల జబ్బు లాంటివి పైకి కనబడకుండానే వెంట రావచ్చు. ఇవి వేటకు బలయ్యే జాతి కాబట్టి నలతను ఆఖరిదాకా దాచుకుంటాయి. ఆడదో మగదో కూడా పశువైద్యుడి చేత చూపించుకోవాలి, దుకాణంలో చెప్పినమాట నమ్మి కొన్నాళ్ళకు పిల్లల బోను కొనుక్కున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. మగపిల్లకు మూడు వారాల వయసుకే పిల్లల్ని పుట్టించే శక్తి వచ్చేస్తుంది. ఆపరేషన్ చేయించిన మగదాన్నయినా ఆరు వారాలు ఆగాకే ఆడవాటితో కలపాలి. రెండు మగవాటి మధ్యకు మూడో మగదాన్ని తెచ్చే ఆలోచన అసలు పెట్టుకోకపోవడమే మంచిది.

కలిపే రోజున హాల్లో సోఫాలు జరిపి, ఏ ఒక్కదాని వాసనా లేని ఉతికిన దుప్పటి పరిచాం. మధ్యలో ఎండుగడ్డి గుట్టగా పోశాం. ఎవరి బోనులో వాళ్ళది పైచేయి అవుతుంది కాబట్టి ముగ్గురికీ కొత్తయిన చోటే కావాలి. కాసేపు మూడూ గడ్డి తిన్నాయి. తర్వాత జున్ను లేచి, గుర్రుమని శబ్దం చేస్తూ, వెనకభాగం అటూ ఇటూ ఊపుకుంటూ కొత్తదాని చుట్టూ తిరిగింది. తరిమింది. మీదికెక్కింది. బూందీ పళ్ళు కటకటలాడించింది. చింతపిక్క సన్నగా అరుస్తూ పరుగు.

"పెద్దమ్మా, కొట్టుకుంటున్నాయి, తీసేయనా?"

"కొట్టుకోవట్లేదమ్మా. ఎవరు పెద్దో తేల్చుకుంటున్నాయి. కాసేపు ఆగు."

ఆ ఆగడమే కష్టం. గుర్రు, తరమడం, మీదికెక్కడం, మూతులు పైకెత్తి ఎవరిది ఎత్తో చూసుకోవడం, ఇవన్నీ వాటి మర్యాదల్లో భాగమే. మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, పళ్ళ చప్పుడు ఆగకుండా సాగి, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని బంతిలా దొర్లినా, రక్తం కనబడినా అది అసలైన పోట్లాట. అప్పుడు చెయ్యి పెట్టకుండా మందపాటి తువ్వాలు వేసి విడదీయాలి. ఆ రెండు స్థితులకూ నడుమ చాలా దూరం ఉంది. ఆ దూరంలో జరిగే ప్రతి అరుపుకీ ఎత్తుకుపోతే, మళ్ళీ కలిపినప్పుడు మొదట్నించీ మొదలుపెట్టుకోవాల్సింది అవే. కొత్తది అరిచిన ప్రతిసారీ బెంగపడింది మేం. అది మాత్రం రెండు నిమిషాలకల్లా తిరిగొచ్చి గడ్డిలో మూతి పెట్టింది.

కొత్తవాళ్ళు వచ్చిన ఇళ్ళలో మనం చేసేదీ ఇదే. ఇద్దరి మధ్య మాట గట్టిగా వినబడగానే ఎవరో ఒకరం నడుమ దూరి "సర్లే, వదిలేయండి" అంటాం. వదిలేసినట్టే ఉంటుంది. తేలాల్సింది తేలకుండా అలాగే ఉండిపోతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది గూళ్ళ సంగతి. దాక్కోవడానికి పెట్టే అట్టపెట్టెకు రెండు దారులు ఉండి తీరాలి. ఒక్క దారే ఉంటే పెద్దది ఆ దారికి అడ్డంగా కూర్చుని చిన్నదాన్ని లోపలే నిలేస్తుంది. అసలు పోట్లాటలు పుట్టేది అక్కడే. మా అమ్మమ్మగారి ఇంటికి వీధిగుమ్మం, పెరటిగుమ్మం రెండూ ఉండేవి. అత్తగారికి కోపం వచ్చిన రోజున కోడళ్ళు బిందె పట్టుకుని పెరట్లోంచి నూతికి పోయేవాళ్ళు, తిరిగొచ్చేసరికి సగం కోపం చల్లారేది. ఇప్పటి ఫ్లాట్లకు ఒకటే తలుపు. ఊరి నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉండే పెద్దాయన మనసు నొచ్చుకుంటే వెళ్ళి నిలబడే చోటు బట్టలారేసిన బాల్కనీ.

నీళ్ళ సీసాలు, తిండిగిన్నెలు కూడా ఒకదానికొకటి దూరంగా, తలకొకటి చొప్పున పెట్టాలి. ముగ్గురూ ఒకరినొకరు ఇష్టపడేలా చేయడం మన చేతిలో లేదు. ఇష్టం లేకపోయినా ఎవరూ పస్తుండకుండా, ఎవరూ మూలకు చిక్కకుండా చూడటం మన చేతిలో ఉంది. మిగతాది వాటికి వదిలేయాలి.

జర్మనీలో మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన నార్బర్ట్ జాక్సర్ బృందం మగ గినీ పిగ్‌ల మీద చేసిన పరిశోధనలు ఈ విషయంలో చదవదగ్గవి. పెద్దా చిన్నా కలిసిన గుంపులో పెరిగిన మగది పరాయి గుంపులోకి వెళితే ముందు అణిగిమణిగి ఉంటుంది, అటూ ఇటూ వాసన చూసుకుంటుంది, తగువు పెట్టుకోదు. ఆందోళనతో పెరిగే హార్మోను కూడా దాని ఒంట్లో పెద్దగా పెరగదు. ఒంటరిగానో, ఒక్క ఆడదానితోనో పెరిగినది వెళ్ళిన వెంటనే కలబడుతుంది, ఆ హార్మోను అమాంతం పెరుగుతుంది. చిన్నతనంలో పెద్దవాటి చేత నాలుగు తరుములు తిన్నదానికే ఎక్కడ ఎలా మసలుకోవాలో తెలుస్తుందన్నమాట. పిల్లల్ని ఒక్క మాటా పడనివ్వకుండా పెంచుతున్న తల్లిదండ్రులకు ఇది చూపించాలనిపిస్తుంది నాకు.

చింతపిక్క కుదురుకుంది. జున్ను దాన్ని ఇప్పటికీ దగ్గరికి రానివ్వదు గానీ తరమదు. బూందీ మాత్రం పక్కన పడుకోనిస్తుంది. అందరికీ ఇలా జరగదు. కొన్ని ఎన్నాళ్ళైనా కలవవు, అప్పుడు నడుమ జాలీ పెట్టి పక్కపక్కనే ఉంచాలి. ఒకదాన్నొకటి చూస్తూ, కూత వింటూ బతుకుతాయి. ఆ ఏర్పాటును ఓటమి కింద లెక్కవేయక్కర్లేదు.

మూడోదాన్ని తేవాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. ముందు రెండో బోను కొని పెట్టుకోండి. ముదురు ఎండల్లో మాత్రం వద్దు, ఇరవై ఏడు డిగ్రీలు దాటితేనే వీటికి ఊపిరాడదు. రెండో బోనుకు ఇంట్లో చోటు లేకపోతే ఉన్న రెండిటితోనే ఉండండి. వాటికి లోటేమీ లేదు.